తుంటి మార్పిడి తర్వాత నొప్పి: అరచేత్తో కాదు, ఒక్క వేలితో చూపించండి

మద్రాసులో తుంటి మార్పిడి చేయించుకుని రివ్యూకి వచ్చిన మనవాళ్ళని "నొప్పి ఎక్కడ?" అని అడిగితే, చాలామంది అరచేయి వెడల్పుగా నడుం కింద పరిచి "ఇదిగో, ఇక్కడంతా" అంటారు. ఆ అరచేయి కిందే గజ్జ ఉంది, పిర్ర ఉంది, తొడ పక్కన ఎముక మిట్ట ఉంది, వెన్నెముక చివర ఉంది. నాలుగింటికీ కారణాలు వేరు, వైద్యం వేరు. దీనికి తోడు భాషతో వచ్చే తంటా ఒకటి. తమిళంలో 'ఇడుప్పు' అంటే నడుమూ అదే, తుంటీ అదే. సిస్టర్ "ఇడుప్పు వలియా?" అంటే మనవాళ్ళు నడుం నొప్పి గురించి అడుగుతోందనుకుని "లేదు" అనేస్తారు. లేదా "నడుం నొప్పి" అని తెలుగులో చెప్పి వెన్నెముక ఎక్స్‌రే తీయించుకుని వస్తారు. అసలు నొప్పేమో గజ్జలో ఉంటుంది.

నెల్లూరు, తిరుపతి, ఒంగోలు వైపు నుంచి వచ్చి గ్రీమ్స్ రోడ్డు చుట్టుపక్కల లాడ్జిల్లో దిగి, ఆపరేషనయ్యాక పది పన్నెండు రోజులకి ఊరెళ్ళిపోయేవాళ్ళకి ఈ పోస్టు. ఊరెళ్ళాక అడగడానికి ఎవరూ ఉండరు. ఫోన్‌లో అడిగితే అవతలివాళ్ళకి మీ కాలు కనిపించదు. కాబట్టి చెప్పే మాటే సరిగ్గా ఉండాలి.

ముందు మామూలు నొప్పి సంగతి. ఈ ఆపరేషన్‌లో తొడ ఎముక తలని కోసి తీసేసి, ఎముక గొట్టంలోకి లోహపు కడ్డీ దింపుతారు. దాన్ని స్టెమ్ అంటారు. దాని కొసన బాల్, సాధారణంగా 28, 32 లేక 36 మిల్లీమీటర్లది. కటి ఎముకలో గుంటని తొలిచి కప్పు బిగిస్తారు, కప్పులో ప్లాస్టిక్ లైనరో సిరామిక్ లైనరో ఉంటుంది. రాత్రుళ్ళు నిద్ర పట్టనివ్వని ఆ పాత అరుగుదల నొప్పి ఇంచుమించు ఆపరేషన్ రోజుతోనే పోతుంది. మిగిలేది కోత నొప్పి, కండరాల నొప్పి. కుట్లు తీసే 12 నుంచి 14 రోజుల దాకా గట్టిగానే ఉంటుంది, ఆరు వారాలకి బాగా తగ్గుతుంది, మూడు నెలలకి చాలామందికి మాత్ర అవసరం ఉండదు. కుంటు పూర్తిగా పోవడానికి మాత్రం ఆర్నెల్ల నుంచి ఏడాది పట్టొచ్చు.

ఈ నొప్పిని వారానికోసారి కొలవాలి, రోజూ కాదు. ఇవాళ ఎక్కువ నడిస్తే సాయంత్రానికి లాగుతుంది, అందులో వింత లేదు. చూడాల్సింది ఒక్కటే: నిన్నటి నడకతో వచ్చిన నొప్పి ఈరోజు పొద్దున్నకి దిగిందా లేదా. దిగితే అదే నడక కొనసాగించండి. దిగకపోతే సగానికి తగ్గించండి. కమిలిన నీలం మచ్చ మోకాలి దాకా, ఒక్కోసారి చీలమండ దాకా జారుతుంది. రక్తం కిందికే దిగుతుంది కాబట్టి భయం లేదు. పాదం సాయంత్రానికి ఉబ్బి పొద్దున్నకి తగ్గుతుంటే అదీ మామూలే, రెండు మూడు నెలలుంటుంది. కుట్ల పక్కన అరచేతి మేర మొద్దుబారితే అది చర్మపు నరం తెగినందువల్ల. కొంత తిరిగి వస్తుంది, కొంత రాదు. ఐస్ ప్యాక్ గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టండి, అంతకన్నా ఎక్కువొద్దు. స్పర్శ తగ్గిన చోట చర్మం మాడినా తెలీదు.

ఇంత చెప్పినా, అంతా సవ్యంగా జరిగినా, సుమారు పదిమందిలో ఒకరికి ఎంతో కొంత నొప్పి దీర్ఘకాలం మిగులుతుంది. ఆపరేషన్‌కి ముందే ఈ మాట చెప్పే డాక్టరు దొరికితే అదృష్టం.

ఇక వేలితో చూపించే పని.

వేలు గజ్జలోకి వెళ్తే, అంటే పొత్తికడుపూ తొడా కలిసే మడత దగ్గర ఉంటే, నొప్పి కీలుకి సంబంధించిందే అయ్యే అవకాశం ఎక్కువ. అందులోనూ రెండు రకాలున్నాయి. నడుస్తుంటే నొప్పి లేదు, కానీ కారెక్కేటప్పుడు, ప్యాంటు తొడుక్కునేటప్పుడు, మంచం మీద కాలు పైకెత్తి పెట్టుకునేటప్పుడు గజ్జలో కత్తితో గీసినట్టుంటే, అది తొడని పైకి లేపే కండరాన్ని ఎముకకి కట్టే స్నాయువు, అంటే ఇలియోసోవాస్ టెండన్, కప్పు ముందు అంచుకి ఒరుసుకోవడం. కప్పు కాస్త పెద్దదైనా, ముందుకి తిరగాల్సినంత తిరగకుండా దాని ముందు అంచు బయటికి పొడుచుకొచ్చినా ఇది వస్తుంది. ఎదురుగా తీసిన ఎక్స్‌రేలో ఇది దొరకదు. పక్కనుంచి తీసిన ఎక్స్‌రే గానీ సీటీ గానీ కావాలి. స్కానింగ్ చూస్తూ ఆ స్నాయువు చుట్టూ మందు ఎక్కించి, నొప్పి పోతే కారణం అదేనని తేలుతుంది. వ్యాయామాలతో లొంగకపోతే స్నాయువుని వదులు చేస్తారు. కప్పు మరీ బయటికి ఉంటే మార్చాల్సి వస్తుంది.

రెండో రకం అడుగేసిన ప్రతిసారీ గజ్జలో వచ్చే నొప్పి. కప్పు ఎముకకి పట్టలేదేమో, లేదా చీము పట్టిందేమో చూడాలి. ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. మోకాలికి వేసినట్టు తుంటికీ ఒక ఇంజెక్షన్ వేయించుకుందామని ఊళ్ళో చిన్న క్లినిక్‌కి వెళ్ళకండి. లోపల లోహం ఉన్న కీలులోకి సూది దింపడం ఆపరేషన్ థియేటర్ శుభ్రతతో చేయాల్సిన పని.

వేలు తొడ మధ్యలో ఆగితే స్టెమ్‌ని అనుమానించాలి. సిమెంటు లేకుండా బిగించిన స్టెమ్ ఎముక కంటే గట్టిగా ఉంటుంది. అడుగేసినప్పుడు ఎముక కాస్త వంగుతుంది, కడ్డీ వంగదు. ఆ తేడా అంతా కడ్డీ కింది కొస దగ్గర పడుతుంది. అందుకే తొడ మధ్యలో మొద్దు నొప్పి ఏడాది, ఒక్కోసారి రెండేళ్ళు ఉండి మెల్లగా పోతుంది. దానికి మళ్ళీ ఆపరేషన్ అక్కర్లేదు. కానీ కుర్చీలోంచి లేచిన మొదటి నాలుగైదు అడుగులకి తొడలో పోటు, నడిచేకొద్దీ తగ్గడం, మళ్ళీ కూర్చుని లేస్తే అదే కథ: ఈ తీరు వేరు. స్టెమ్ వదులైందనడానికి ఇది పాఠ్యపుస్తకంలాంటి గుర్తు. బరువు పడగానే కడ్డీ కాస్త దిగి, సర్దుకుని నిలబడుతుంది. డాక్టర్లు దీన్ని స్టార్టప్ పెయిన్ అంటారు. "నడిస్తే తగ్గుతోంది కదా, మంచిదే" అని ఇంట్లోవాళ్ళు సంతోషిస్తారు. సంతోషించే విషయం కాదు.

వదులైందో లేదో ఒక్క ఎక్స్‌రేతో చెప్పడం కష్టం. ఆపరేషన్ మర్నాటిదీ, ఆరు వారాలదీ, ఇవాళ్టిదీ పక్కపక్కన పెట్టి చూడాలి. స్టెమ్ మొదటి వారాల్లో ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగి ఆగిపోతే ఫరవాలేదు. ఆ తర్వాత కూడా దిగుతూ ఉంటే, లేదా ఎముకకీ లోహానికీ మధ్య 2 మిల్లీమీటర్లకి మించి నల్లటి గీత కనిపిస్తే, అది పట్టు వదిలినట్టు. అందుకని పాత ఫిల్ములు పారేయకండి. సీడీ ఇస్తే సీడీ, లింకు పంపితే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. లింకులు కొన్నాళ్ళకి పనిచేయవు.

తుంటి పక్కన, ప్యాంటు జేబు కింద చేతికి తగిలే ఎముక మిట్ట మీదకి వేలు వెళ్తే, ఆ వైపు తిరిగి పడుకోలేకపోతుంటే, అది కీలు నొప్పి కాదు. మిట్టకి అతుక్కునే కండరాలది, దాని మీద ఉండే నీటి సంచిది. కోత పక్కనుంచి పెట్టినవాళ్ళలో ఎక్కువ చూస్తాం, ఎందుకంటే ఆ దారిలో కండరాన్ని కొంత విడదీసి మళ్ళీ కుట్టాలి. ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. ఆరు వారాలు దాటి, కాలి మీద పూర్తి బరువు వేయడానికి డాక్టరు ఒప్పుకున్నాక మాత్రమే. వంటింటి గట్టు పట్టుకుని ఆపరేషన్ కాలి మీద నిలబడి రెండో కాలు కాస్త ఎత్తండి. ఎత్తిన వైపు నడుం కిందికి జారితే పక్క కండరం ఇంకా బలహీనంగా ఉంది. బాతు నడక దాని వల్లే.

దీనికి మందు వ్యాయామం, ఓపిక, చేతికర్ర. కర్ర చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, అది తప్పు. కుడి తుంటికి ఆపరేషనైతే కర్ర ఎడం చేతిలో ఉండాలి. ఒంటి కాలి మీద బరువు పడినప్పుడు కీలు మోసేది ఒంటి బరువొక్కటే కాదు, నడుం పడిపోకుండా పక్క కండరం లాగే లాగుడు కూడా కలిపి ఇంచుమించు ఒంటి బరువుకి మూడింతలు. ఎదుటి చేతిలోని కర్ర ఆ లాగుడు పనిని పంచుకుంటుంది; అదే వైపు పట్టుకుంటే ఆ సాయం అందదు. కర్ర ఎత్తు చూసుకోవడానికి చెప్పులేసుకుని నిటారుగా నిలబడి చేయి వదిలేయండి. మణికట్టు మడత దగ్గరికి పిడి రావాలి. కుంటు ఉండగా కర్ర వదిలేయడం మగతనం అనుకునేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. కుంటు నడక అలవాటుగా స్థిరపడితే మాన్పించడం ఆపరేషన్ కంటే కష్టం. మెట్ల దగ్గర గుర్తు పెట్టుకోండి: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు.

వేలు పిర్ర మీదకి పోయి, అక్కణ్ణుంచి తొడ వెనకగా పిక్కకీ పాదానికీ జారితే, తిమ్మిరి కూడా ఉంటే, తప్పు ఎక్కువగా వెన్నెముకది. తుంటి నొప్పి సాధారణంగా మోకాలి దాకా వస్తుంది గానీ పాదందాకా పోదు. ఒక మినహాయింపు: ఆపరేషనైన గంటల్లోనే పాదం పైకి లేపలేకపోవడం, బొటనవేలు ఎత్తలేకపోవడం. అది సయాటిక్ నరానికి దెబ్బ. మత్తు దిగలేదేమోలే అని తెల్లారేదాకా చూడకుండా వెంటనే డాక్టరుకి చెప్పాలి, ఎందుకంటే లోపల రక్తం గూడుకట్టి నరాన్ని నొక్కుతుంటే దాన్ని తీసేసి నరాన్ని కాపాడే అవకాశం ఉంటుంది. లాగుడు వల్ల దెబ్బ తిన్న నరం నెలల తరబడి మెల్లగా కోలుకుంటుంది. అందాకా పాదం జారకుండా బూటు పట్టీ వాడాలి.

చీము సంగతికి వద్దాం. ఇది సుమారు నూటికి ఒకరికి వస్తుంది, కానీ వచ్చినవాళ్ళ జీవితాన్ని తలకిందులు చేసేది ఇదే. సూక్ష్మజీవులు లోహం మీద కొన్ని వారాల్లో జిగురు పొర కట్టుకుంటాయి. ఆ పొర లోపలికి మాత్రలు, సెలైన్‌లో ఎక్కించే మందులు సరిగ్గా చేరవు. అందుకే ఇక్కడ రోజుల లెక్క ముఖ్యం. మొదటి నాలుగు వారాల్లో పట్టుకుంటే కీలు తెరిచి, కడిగి, బాల్, లైనర్ మార్చి, కప్పునీ స్టెమ్‌నీ కాపాడే వీలుంటుంది. ఆలస్యమైతే అంతా పీకి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు ముద్ద పెట్టి, వారాలో నెలలో ఆగి మళ్ళీ కొత్త కీలు వేయాలి. రెండు పెద్ద ఆపరేషన్లు, మధ్యలో మంచం.

గుర్తులేమిటంటే, కుట్ల నుంచి తడి. మొదటి రెండు మూడు రోజులు డ్రెస్సింగ్‌కి కాస్త ఎరుపు అంటడం సహజం. వారం దాటాక కూడా పసుపు నీరులా కారుతుంటే, డ్రెస్సింగ్ రోజూ తడుస్తుంటే, జ్వరం ఉన్నా లేకున్నా ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. ఊళ్ళో కాంపౌండర్ పౌడర్ చల్లి కట్టు కట్టడం కాదు. రెండోది, తగ్గుతూ వచ్చిన నొప్పి దారి తిప్పి పెరగడం. మూడోది, పడుకున్నా తగ్గని నొప్పి. వదులైన కీలు నొప్పి విశ్రాంతితో తగ్గుతుంది, చీము నొప్పి తగ్గదు. జ్వరం మొదటి రెండు మూడు రోజులు స్వల్పంగా రావడం మామూలే. ఆ తర్వాత 100.4 దాటితే తేలిగ్గా తీసుకోకండి. నెమ్మది రకం చీముకి అసలు జ్వరమే ఉండదు. ఏడాదైనా ఒక్క రోజు కూడా హాయిగా లేని తుంటి అంటే ముందు దాన్నే అనుమానించాలి.

రక్తపరీక్షలో సీఆర్పీ చూస్తారు, అంటే ఒంట్లో వాపో ఇన్‌ఫెక్షనో ఉంటే పెరిగే ఒక ప్రోటీన్. ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులకి అది శిఖరానికి వెళ్ళి, మూడు నుంచి ఆరు వారాల్లో దిగిపోతుంది. ఒకసారి దిగి మళ్ళీ ఎక్కితే ప్రమాదం. ల్యాబు రిపోర్టులో ఒక చిక్కుంది. కొన్ని ల్యాబులు లీటరుకి మిల్లీగ్రాముల్లో, కొన్ని డెసిలీటరుకి మిల్లీగ్రాముల్లో ఇస్తాయి. మొదటిదాంట్లో 10, రెండోదాంట్లో 1, రెండూ ఒకటే. మద్రాసులో 8 వచ్చి నెల్లూరులో 2 వస్తే తగ్గిందనుకుని పండగ చేసుకుంటారు. యూనిట్లు వేరైతే అది 8 నుంచి 20కి పెరిగినట్టు. అంకె పక్కన చిన్న అక్షరాలు చదవండి.

అసలైన పరీక్ష కీలులోంచి సూదితో నీరు తీసి చూడటం. ఆ నీటిలో ఏ క్రిమి ఉందో తెలిస్తేనే ఏ మందో తెలుస్తుంది. ముందే మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ మింగేస్తే క్రిమి పెరగదు, రిపోర్టు ఖాళీగా వస్తుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. అప్పుడు మందు ఆపి రెండు వారాలాగి మళ్ళీ తీయాల్సి వస్తుంది. కుట్లు ఎర్రబడ్డాయని ఎవరైనా మాత్రలిస్తే, వేసుకునే ముందు ఆపరేషన్ డాక్టరుకి ఫోన్ చేయండి.

పథ్యం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. వంకాయ తింటే చీము పడుతుంది, పప్పు తింటే కుట్లు చీదుతాయి, గుడ్డు వేడి అని, రసం అన్నంతో నెల గడిపించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. చీము వంకాయలోంచి రాదు. అదుపులో లేని షుగర్ నుంచి, సిగరెట్ నుంచి, మడమ పగుళ్ళు, కాలివేళ్ళ సందుల్లో పాచి, పుచ్చిన పన్ను, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, వీటి నుంచి వస్తుంది. కోత మానడానికి మాంసకృత్తులు కావాలి. కిడ్నీ జబ్బు లేకపోతే కిలో బరువుకి కనీసం ఒక గ్రాము. గుడ్డుకి సుమారు 6 గ్రాములు. అరవై కిలోల మనిషి రసం అన్నంతో అరవై గ్రాములకి ఎప్పటికీ చేరడు.

రక్తం గడ్డకట్టడం చీము పట్టినంత నెమ్మదిగా సాగదు. పిక్క గట్టిపడి, నొక్కితే నొప్పి పుట్టి, పొద్దున్నకి కూడా వాపు దిగకపోతే డాప్లర్ స్కాన్ చేయించాలి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు వస్తే గడ్డ ఊపిరితిత్తికి చేరి ఉండొచ్చు, 108కి ఫోన్ చేయాలి. దీన్ని ఆపడానికే ఆస్పిరినో, రివరాక్సబాన్ 10 మిల్లీగ్రాములో, పొట్టకి పొడిచే ఎనాక్సాపరిన్ సూదో రాస్తారు, తరచు 35 రోజుల దాకా. "కట్టు విప్పారు కదా, ఇంకెందుకు" అని పదిహేనో రోజున ఆపేస్తారు మనవాళ్ళు. రాసినన్ని రోజులూ వాడండి. మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి పాదాలు పైకీ కిందికీ పది పదిహేను సార్లు ఆడించండి. ఉబ్బిన పిక్కకి నూనె రాసి మర్దన చేయకండి. గడ్డ ఉంటే దాన్ని మనమే కదిలించినట్టవుతుంది. పుత్తూరు కట్టు బోర్డులు మద్రాసు పేటల్లోనూ కనిపిస్తాయి, మన వైపు దాని మీద నమ్మకం ఎంతో నాకు తెలుసు. లోపల లోహపు కీలు ఉన్న కాలికి మాత్రం ఆ కట్టూ వద్దు, ఆ లాగుడూ వద్దు.

కీలు జారడం అంటే బాల్ కప్పులోంచి బయటికి రావడం. ఎక్కువగా మొదటి మూడు నెలల్లో, నూటికి ఒకరి నుంచి ముగ్గురికి. మీకు కోత వెనక నుంచి పెట్టారా, ముందు నుంచా అన్నది డిశ్చార్జికి ముందే అడిగి కాగితం మీద రాసుకోండి, జాగ్రత్తలు దాన్ని బట్టే. వెనక కోతకి మూడు పనులు నిషేధం: తుంటిని 90 డిగ్రీలకి మించి వంచడం, కాలు మీద కాలు వేయడం, ఆ కాలిని లోపలికి తిప్పడం. మూడూ కలిసే చోట్లే ప్రమాదం. పీట మీద కూర్చోవడం, మంచం కింద చెప్పు కోసం వంగడం, ఆటోలోంచి దిగుతూ ఒంటిని తిప్పడం. ముందు కోతకి దీనికి తలకిందులు: కాలు వెనక్కి చాచి పాదం బయటికి తిప్పకూడదు.

ఇంట్లో ఒక టేపు తీసుకోండి. నేల నుంచి మోకాలి వెనక మడత దాకా కొలవండి. ఐదడుగుల నాలుగంగుళాల మనిషికి సుమారు 16 అంగుళాలుంటుంది. మీరు కూర్చునే ప్రతిదీ దానికంటే రెండంగుళాలైనా ఎత్తుండాలి, అంటే 18. కూర్చుంటే మోకాళ్ళు తుంటి కంటే కింద ఉండాలి. మామూలు వెస్టర్న్ కమోడ్ 15, 16 అంగుళాలే, అందుకే నాలుగంగుళాల కమోడ్ రైజర్ కొనమంటారు. ప్లాస్టిక్ కుర్చీ చూడటానికి ఎత్తుగానే ఉంటుంది, కూర్చోగానే వెనక్కి జారుతుంది. గట్టి దిండు వేయాలి, మెత్తటి దూది దిండు అణిగిపోతుంది. మద్రాసు పాత ఇళ్ళలో ఇండియన్ టాయిలెట్ మాత్రమే ఉంటే దాని మీద పెట్టుకునే కంతల కుర్చీ సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. దాని కాళ్ళకి రబ్బరు బుడిపెలు ఉన్నాయో లేదో చూసి కొనండి, తడి టైల్స్ మీద అవి లేకపోతే కుర్చీ జారుతుంది.

జారితే తెలియకపోవడం ఉండదు. టక్కుమంటుంది, నొప్పి భరించలేరు, నిలబడలేరు, కాలు పొట్టిగా కనబడుతుంది, వెనక్కి జారితే పాదం లోపలికి తిరిగి ఉంటుంది. లాగి సరిచేయాలని చూడకండి. ఉన్న తీరులోనే దిండ్లు ఆనించి పడుకోబెట్టి 108 పిలవండి. కాఫీ, మంచినీళ్ళు ఏమీ ఇవ్వకండి. మత్తిచ్చి కీలు ఎక్కించాలి, కడుపు ఖాళీగా ఉండాలి. కింద పడి ఇలాగే అయితే స్టెమ్ చుట్టూ ఎముక విరిగి ఉండొచ్చు, అప్పుడు పాదం ఎక్కువగా బయటికి తిరుగుతుంది. రెంటికీ ఇంట్లో చేసేది ఒకటే.

నొప్పి మాత్రల దగ్గర జరిగే పొరపాటు చూడండి. డిశ్చార్జి చీటీలో పారాసిటమాల్ 650 రోజుకి నాలుగు. ఊళ్ళో డాక్టరు అసిక్లోఫినాక్, పారాసిటమాల్ కలిపిన మాత్ర రెండు పూటలా ఇస్తాడు. రాత్రి నిద్ర పట్టక ట్రమడాల్, పారాసిటమాల్ కలిపినది రెండు వేస్తారు. మూడు రంగుల స్ట్రిప్పులు, మూడింట్లోనూ పారాసిటమాలే. లెక్క కడితే 2600, దానికి 325 చొప్పున రెండు 650, మళ్ళీ రెండు 650, మొత్తం 3900 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ళకి రోజుకి 4000 గరిష్ఠ హద్దు. సన్నగా ఉన్నవాళ్ళకీ, లివర్ బాగాలేనివాళ్ళకీ, మద్యం అలవాటున్నవాళ్ళకీ అంతకంటే చాలా తక్కువ. స్ట్రిప్పు వెనక ఉండే సన్న అక్షరాలు ఇంట్లో కుర్రాళ్ళ చేత చదివించండి. అసిక్లోఫినాక్, డైక్లోఫినాక్ లాంటివి కిడ్నీనీ పొట్టనీ దెబ్బతీస్తాయి, రక్తం పలచన చేసే మందుతో కలిస్తే పొట్టలో రక్తస్రావం రావచ్చు. ట్రమడాల్ తల తిప్పుతుంది, మలబద్ధకం తెస్తుంది. రాత్రి తల తిరుగుతూ బాత్రూముకి వెళ్ళడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

కాలు పొడుగైందన్న ఫిర్యాదు చాలా సాధారణం. ఏళ్ళ తరబడి అరిగి పొట్టిబడిన కాలు అసలు పొడుగుకి వస్తే పొడుగైనట్టే అనిపిస్తుంది. బిగిసిన కండరాలు నడుముని ఒరిగేలా చేయడమూ ఒక కారణం, అది మూడు నుంచి ఆరు నెలల్లో సర్దుకుంటుంది. అందాకా చెప్పుకి ఎత్తు వేయించకండి, వంకర స్థిరపడుతుంది. ఆ తర్వాతా నిజంగా తేడా ఉంటే కొలిచి సోల్ వేస్తారు. సెంటీమీటరు లోపు తేడాని చాలామంది గమనించరు కూడా.

నొప్పి లేకుండా బిగిసిపోవడం ఇంకొకటి. కీలు చుట్టూ కండరంలో ఎముక పెరుగుతుంది. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, అంటే వెన్నెముక బిగుసుకుపోయే కీళ్ళవాతం, ఉన్నవాళ్ళకి ఈ బెడద ఎక్కువ. దీనికి ఇండోమెథాసిన్ మాత్ర గానీ, ఆపరేషన్‌కి కాస్త అటూ ఇటూగా ఒకే ఒక్క రేడియేషన్ డోసు గానీ ముందుజాగ్రత్త. పెరిగాక చేసేది తక్కువ, అందుకే ఆపరేషన్‌కి ముందే అడగాలి.

ఊరికి కారులో వెళ్తుంటే: నెల్లూరు సుమారు 175 కిలోమీటర్లు, గంటకోసారి ఆపి ఐదు నిమిషాలు నడవాలి. ముందు సీటు బాగా వెనక్కి జరిపి, వీపు వాల్చి, సీటు మీద దిండు, దాని మీద నున్నటి ప్లాస్టిక్ కవరు పరచండి. ముందు పిర్రలు ఆనించి కూర్చుని, కాళ్ళు రెండూ కలిపి ఒంటితో పాటే లోపలికి తిప్పాలి. కవరు ఆ తిరగడానికే. బండి కదిలే ముందు లాగేయండి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు మనిషి ముందుకి జారతాడు.

చివరగా నొప్పి పెట్టని జబ్బు గురించి. ప్లాస్టిక్ లైనర్ ఏళ్ళ తరబడి అరిగి, ఆ పొడికి ఒళ్ళు ప్రతిస్పందించి చుట్టూ ఎముకని తినేస్తుంది. ఎముక సగం పోయేదాకా ఏమీ తెలీదు. ఇప్పటి లైనర్లు పాతవాటి కంటే చాలా తక్కువ అరుగుతాయి, అయినా ఆరు వారాలకీ, ఏడాదికీ, ఆ తర్వాత డాక్టరు చెప్పిన గడువుల్లోనూ ఎక్స్‌రే తీయించుకోవాలి. బాగున్నాం కదా అని మానేయకూడదు. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం తుంటి మార్పిళ్ళలో సుమారు 58 శాతం 25 ఏళ్ళు నిలుస్తాయి. రక్తనాళాలు మూసుకుపోయి ఎముక కుళ్ళి ముప్పై ఐదేళ్ళకే ఆపరేషనైన మనిషికి ఈ అంకె చాలా అవసరం. లోహపు కప్పులో లోహపు బాల్ తిరిగే రకాల సంగతి వేరు. వాటి నుంచి కోబాల్ట్, క్రోమియం రక్తంలోకి దిగి చుట్టూ కండరాన్ని పాడుచేస్తాయి. ఏఎస్ఆర్ అనే ఒక రకాన్ని 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి పిలిచారు, మన దేశంలోనూ అవి వేసుకున్నవాళ్ళు వేలల్లో ఉన్నారు. వాళ్ళలో కొందరికి తమకి ఏ రకం వేశారో తెలుసుకునే దారే లేకపోయింది.

కప్పు, లైనర్, బాల్, స్టెమ్, నాలుగింటి పెట్టెల మీదా చిన్న స్టిక్కర్లుంటాయి. కంపెనీ, సైజు, లాట్ నంబరు వాటి మీదే ఉంటాయి. ఆపరేషన్ నోట్సులో వాటిని అతికిస్తారు, ఆ కాగితం ఫైలులోనే ఆసుపత్రిలో ఉండిపోతుంది. డిశ్చార్జి రోజున బిల్లు కట్టే కౌంటరు దగ్గరికి వెళ్ళే ముందే ఆ పేజీ జిరాక్సు అడిగి తీసుకోండి, ఫోన్‌తో ఫొటో తీసి పిల్లలకి కూడా పంపించండి.